చివరి వరుసలో ప్రశ్న

"ఇంకెవరూ అడిగేది లేకపోతే ముగించేద్దాం," అంటూ అక్షత గైడు డాక్టర్ బెటగేరి కుర్చీలోంచి సగం లేచారు. పక్క గదిలో టిఫిన్లకి చేయించిన శిరా, ఉప్పిట్టు ఘుమఘుమలు అప్పటికే సెమినార్ హాల్లోకి వచ్చేశాయి.

"నాకో సందేహం ఉందండీ."

చివరి వరుసలో ఓ పెద్దాయన లేచి నిలబడ్డాడు. తెల్ల ధోవతి, నల్ల టోపీ, చంకలో గొడుగు.

తన పీహెచ్‌డీ థీసిస్ వివరించి ఇంకా మైకు పట్టుకునే నిలబడి ఉన్న అక్షత అటు తిరిగింది. బహిరంగ వైవా కాబట్టి ఎవరైనా అడగొచ్చు. కానీ ధార్వాడ యూనివర్సిటీలో ఇలా బయటివాళ్ళు లేచి అడగడం ఆమె ఎన్నడూ చూడలేదు. వచ్చేవాళ్ళంతా స్నేహితులే. చప్పట్లు కొట్టి ఉప్పిట్టు తిని వెళ్ళిపోతారు.

"అడగండి సార్."

"గాలినీ నీళ్ళనీ పాడుచెయ్యని కంపెనీల్లోనే డబ్బు పెట్టే గ్రీన్ ఫండ్ల గురించి చెప్పావు కదమ్మా. పదేళ్ళ లెక్క తీస్తే మిగతా ఫండ్ల కంటే తక్కువేం రాలేదన్నావు. బాగుంది. మరి పదేళ్ళు ఆగలేని మనిషి సంగతేమిటి?"

బెటగేరి గబుక్కున అందుకున్నారు. "అది ఈ పరిశోధన పరిధిలోకి రాదండీ."

"మిమ్మల్ని కాదు సార్, ఆ అమ్మాయిని అడిగాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరుసలోంచి స్నేహితురాలు రోహిణి మెడ సాచి గుసగుసలాడింది. "బెంగళూరు ప్రొఫెసర్ అయ్యుంటాడే! మీ సార్ అంటే పడనివాళ్ళెవరో పంపించారు."

పుణె నుంచి వచ్చిన పరీక్షకురాలు సోహోనీ మేడం అంతవరకు థీసిస్‌లో ఏవో గీతలు పెడుతూ కూర్చున్నారు. ఇప్పుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చెప్పమ్మా," అన్నారు.

అక్షత గైడు వంక చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఊపారు. దాని మీద పని చెయ్యలేదు అనేస్తే చాలు, ఇక్కడితో అయిపోతుంది. కానీ ఆమె చేసింది. ఒక అధ్యాయమంతా రాసింది కూడా.

"చూశాను సార్. మధ్యలో డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్ళ లెక్క కూడా తీశాను. వాళ్ళలో ఎక్కువమంది నష్టపోయారు."

బెటగేరి కళ్ళు మూసుకున్నారు.

"ఎందుకని?"

"మురికి నీళ్ళు శుద్ధి చెయ్యడానికీ, పొగ తగ్గించడానికీ ఆ కంపెనీలు ముందే బోలెడు ఖర్చు పెడతాయి సార్. దాని ఫలితం అందడానికి టైం పడుతుంది. మధ్యలో బయటికొచ్చేసినవాళ్ళ వాటాకి ఖర్చు వచ్చింది కానీ ఫలితం రాలేదు."

"అందరూ మునిగారా?"

"లేదు సార్. ఇంటి అవసరాలకి కొంత విడిగా ఉంచుకుని మిగిలిందే పెట్టినవాళ్ళు గట్టెక్కారు."

"డెబ్భై దాటినవాడైతే ఎంత విడిగా ఉంచుకోవాలి?"

ఆ ప్రశ్న ఆమెకెప్పుడూ తట్టలేదు. తన పట్టికలన్నీ మనసులో తిరగేసింది.

"తెలియదు సార్. ఆ వయసువాళ్ళు నా లెక్కల్లో మరీ తక్కువ. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పలేను."

"సరే," అని ఆయన కూర్చున్నాడు. మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

సోహోనీ మేడం థీసిస్ పేజీలు తిరగేసి తలెత్తారు. "ఈ అధ్యాయం ఇందులో లేదే?"

అక్షత నోరు తెరిచేలోగా బెటగేరి లేచి నిలబడ్డారు. "నేనే తీసెయ్యమన్నాను మేడం. పుస్తకం లావైపోతోందని. అమ్మాయి ఉంచుతానంటే నేనే వద్దన్నాను. తప్పు నాది."

నలుగురిలో ఆయన తన తప్పు ఒప్పుకోవడం అక్షత ఎప్పుడూ వినలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇందాకటిదాకా దీన్ని వెనక్కి పంపుదామనే కూర్చున్నాను," అన్నారు సోహోనీ మేడం. "అంతా మంచే జరిగిందని రాస్తే నాకు నమ్మకం కుదరదు. ఆ అధ్యాయం మళ్ళీ చేర్చండి. ఇక కూర్చో డాక్టర్ అక్షతా హడపద, పాపం ఎప్పట్నుంచో నిలబడే ఉన్నావు."

చప్పట్లు మోగాయి. రోహిణి వచ్చి వాటేసుకుంది. బెటగేరి దగ్గరికొచ్చి, "నన్ను తిట్టుకోకమ్మా," అన్నారు. "అయ్యో సార్!" అంటూ ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత చివరి వరుస వైపు చూస్తే, అక్కడ పెద్దాయన లేడు.

బయటికి పరిగెత్తింది. ఆయన గొడుగు ఊపుకుంటూ గేటు వైపు గబగబా వెళ్తున్నాడు.

"సార్! ఒక్క నిమిషం సార్!"

వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "మీరు అడగకపోతే నా ఇన్నేళ్ళ కష్టం వెనక్కి వచ్చేసేది. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పుస్తకంలో కృతజ్ఞతలు చెప్పే పేజీలో మొదటి పేరు మీదే రాస్తాను. మీది ఏ యూనివర్సిటీ సార్?"

"యూనివర్సిటీనా! నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను తల్లీ," అన్నాడాయన, గేటు బయట ఆటోలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపుతున్న ముసలావిడని చూపిస్తూ. "ఎవరైనా రావచ్చని పేపర్లో వేస్తే వచ్చాను. మా ఆవిడ అప్పట్నుంచీ ఆటోలోనే కూర్చుంది, అవతల బ్యాంకు మూసేస్తారు. ఒక్క ముక్కలో చెప్పమ్మా, బ్యాంకులో ఉన్న నా పీఎఫ్ డబ్బు ఆ గ్రీన్ ఫండ్‌లో పెట్టమంటావా, వద్దంటావా?"