కర్పూర పరీక్ష

పద్మావతి అగ్గిపుల్ల గీయబోతుంటే గురుమూర్తి ఒక్క కేక వేశాడు.

"ఆగవే! హారతి గేటు బయట నిలబడి ఇవ్వు. దేవుడికి కనిపిస్తుందిలే."

ఆయుధపూజకి పసుపు, కుంకుమ, బంతిపూలతో ముస్తాబైన అరవై నాలుగు మోడల్ కారు అది. దాని పాత పెట్రోలు పైపుని గురుమూర్తి నిన్ననే స్వయంగా మార్చాడు. "మీకెందుకప్పా, నేనుండాను గదా" అన్న మెకానిక్ వెంకటగిరియప్పకి కారు రిపేరు పుస్తకం చూపించి మరీ పంపేశాడు.

"చుక్క కూడా కారదని వీధంతా చాటారుగా?"

"కారదు."

"మరి కర్పూరమంటే భయమెందుకు?"

జవాబు కోసం గురుమూర్తి బానెట్ ఎత్తి చూశాడు. అక్కడా దొరకలేదు.

"మధ్యాహ్నం పిల్లల్ని సర్జాపుర తీసుకెళ్తానన్నది ఇందులోనేనా?" పద్మావతి గొంతు తగ్గించి అడిగింది.

గురుమూర్తి బానెట్ మెల్లగా దించాడు. ఆమె చేతిలోంచి పళ్లెం తీసుకుని, మూలనున్న పిల్లల సైకిలు దగ్గరికి నడిచాడు.

"దీని బ్రేకులు ఎవరు బిగించారు?" పద్మావతి వెనకే వచ్చి అడిగింది.

"వెంకటగిరియప్పే," అన్నాడు గురుమూర్తి, ధైర్యంగా కర్పూరం వెలిగిస్తూ.