జారిపోయిన ప్యాంటు

“ఒక జీన్స్ ప్యాంటు కావాలప్పా.”

“ఎవురికి తాతా? మనవడికా?”

“నాకే.”

అంగడిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు వీరేష్.

వీరేష్ ఆ అంగడి మనిషి కాదు, ప్రకటనలు తీసేవాడు. బళ్లారిలో జీన్స్ కుట్టే ఒక కంపెనీకి సొంత అంగడి అది. యజమానురాలు వాసవాంబకు ఈ ప్రకటన నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే గాంధీనగర్‌లోని తన ఆఫీసుకు తాళం వేసి, మళ్లీ పెళ్లిళ్లకు వీడియోలు తీసుకోవాల్సిందే. పొద్దుటి నుంచి కుర్రాళ్ల చేత గంతులేయించి తీస్తున్నాడు. ఒక్క ముక్కా పండలేదు.

అతని దృష్టిలో నలభై దాటినవాళ్లకు కళ్లజోడు అమ్మాలి, అరవై దాటితే మోకాళ్ల నూనె. ఆపైన మనుషులకు కోరికలుండవు. ఈ చదువు ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, ఏనాడూ అనుమానించిన పాపాన పోలేదు.

ముసలాయన తెక్కలకోట బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. పంచె, ఉతికిన చొక్కా, చంకలో సంచి. చేతికిచ్చిన ప్యాంటును తిరగేసి, లోపలి కుట్టును వేలితో తడిమి చూశాడు.

“తొడిగి చూడు తాతా,” అన్నాడు వీరేష్, కెమెరా పట్టుకున్న మౌనేశ్‌కు కన్నుగీటుతూ.

ఆయన లోపలికి వెళ్లి తొడుక్కుని వచ్చాడు. రెండు చేతులతో నడుం దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

“నడుం వదులుండాది, మోకాళ్ల కాడ పట్టేస్తాంది. మా వయసోళ్లకి వేరేగా కత్తిరించాలప్పా. పక్కల సాగే పట్టీ పెట్టాల. చేతులు వణికేవోళ్లకి పెద్ద గుండీ పెట్టాల.”

“మీ వయసోళ్లు జీన్స్ యాడ కొంటారు తాతా?”

“మాకని ఎవురు కుట్టినారు, కొనేదానికి? తొడగాలని మాకు మాత్రం ఉండదా?”

“సరే, ఇదే తీసుకో. ఊరికే ఇప్పిస్తా. బెల్టు బిగించుకో.”

“బేడప్పా, ఊరికే వద్దు. దుడ్డు తెచ్చినా. సరిపోయేది కావాల. మీ వాసవాంబమ్మతో ఒక మాట చెప్పాల, ఈ కటింగు...”

“అమ్మ ఈడికి రారు. ఒక పని చెయ్. రెండు చేతులు పైకెత్తి ఇట్ల నడిచి రా. ఎంత వదులుండాదో కెమెరాలో తీసి కంపెనీకి చూపిస్తా.”

ముసలాయన నమ్మాడు. చేతులెత్తాడు. రెండడుగులు వేశాడో లేదో, ప్యాంటు జారి మోకాళ్ల మీద పడింది.

అంగడంతా గొల్లున నవ్వింది. వంగి ప్యాంటు పైకి లాక్కుంటూ ఆయన కెమెరా వైపు చూశాడు. తనను ఎందుకు నడిపించారో అప్పుడు తెలిసింది ఆయనకు.

“ఇప్పుడు పండింది!” అన్నాడు వీరేష్.

“పెద్దాయన సార్. ఒక మాట అడగొద్దా?” అన్నాడు మౌనేశ్.

“అడిగేదేముంది? ఆయప్పకు ఫోనే ఉండదు. యాడ చూస్తాడు?”

ఆయన పంచె కట్టుకుని, ప్యాంటును నలగకుండా మడిచి గల్లా మీద పెట్టి వెళ్లిపోయాడు. పేరేమిటని ఎవరూ అడగలేదు.

మర్నాటికల్లా ప్రకటన తయారైంది. జారుతున్న ప్యాంటు మీద హుషారైన గొంతు: “వయసైపోయిందా? పంచె కట్టుకో! వయసులో ఉన్నావా? మా జీన్స్ తొడుక్కో!”

వాసవాంబకు చూపించకముందే వీరేష్ దాన్ని ఫోన్లలోకి వదిలాడు. జనం నవ్వాక ఆమె కాదనలేదని అతని ఎత్తు. జనం నిజంగానే నవ్వారు. జిల్లా అంతా నవ్వింది.

వారం తిరిగాక ధీమాగా వెళ్లి ఆమె ముందు ఫోను పెట్టాడు.

డెబ్బై ఏళ్ల వాసవాంబ నవ్వలేదు. రెండోసారి పెట్టించుకుని చూసింది.

“ఈయన పేరేంది?”

“అడగలేదమ్మా.”

“హొన్నూరప్ప,” అంది ఆమె మెల్లగా. “కారు తియ్యమను. నువ్వు గూడా రా.”

కారు తెక్కలకోట దారి పట్టింది. పని చేజారిందని వీరేష్‌కు అర్థమైపోయింది. అప్పటికి అతని భయం అంతవరకే.

ఇంటి ముందు నలుగురు మగవాళ్లు తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. లోపల నట్టింట్లో దీపం వెలుగుతోంది. హొన్నూరప్ప భార్య అంజినమ్మ వాసవాంబను చూసి లేవబోయి, లేవలేకపోయింది.

“బస్టాండులో పిల్లోళ్లు ఫోను చూపించి నవ్వినారంటమ్మా. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. అన్నం ముట్టలేదు. నాకు గూడా మొగం చూపించలేదు. మొన్న తెల్లారి లేపితే లేయలేదు.”

వీరేష్ గడప బయటే నిలబడిపోయాడు. తాను చంపలేదని ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. ఎవరూ చెప్పలేదు.

“ఎవరమ్మా ఆయన?” అన్నాడు చివరికి.

వాసవాంబ దీపం వైపే చూస్తూ చెప్పింది.

“మా ఇంటాయన కంపెనీ పెట్టినప్పుడు ఈయన మా కటింగు మాస్టరు. జీన్స్‌కు కొలతలెట్ల తీసుకోవాలో అప్పుడు బళ్లారిలో ఎవురికీ తెలీదు. ఇరవై రెండేళ్ల పిల్లోడు, తన ఒంటి మీదనే కొలతలు తీసి నమూనా అట్టలు కత్తిరించినాడు. ఈ పొద్దుకీ ఆ అట్టలే వాడతాండాం. నువ్వు ఊరందరికీ జార్చి చూపించిన ఆ ప్యాంటు, అప్పటి ఈయన నడుం కొలతకే కత్తిరించిందప్పా.”