ఖాళీగా రావలసిన గిన్నె

"శనగలా! తీపిలో శనగలు వేస్తావా!" ఆర్డిస్ తన వాకర్‌ను వంటింటి నేల మీద ఠపీమని కొట్టింది.

"శనగలే కాదమ్మా, కాటేజ్ చీజ్ కూడా," అంది కోడలు జోడీ, ఉడికిన శనగల మీది పొట్టు వేళ్లతో నలిపి తీస్తూ. "పొట్టు ఉంటే నాలుక్కి తగులుతుంది. తీసేస్తే వెన్నలా వస్తుంది."

"వెన్నలా రావడమెందుకు? ఆ వెన్నేదో వేస్తే పోలా?"

జోడీ నవ్వింది. శనగలు, మెత్తటి పనీరులాంటి కాటేజ్ చీజ్, రెండు గరిటెల పీనట్ బటర్, కాస్త మేపుల్ పాకం, చిటికెడు ఉప్పు మిక్సీలో వేసి బర్రుమనిపించింది. మధ్యలో ఆపి, అంచులకు అంటుకున్నది కిందికి దించి మళ్లీ తిప్పింది. నున్నగా అయ్యాక గిన్నెలోకి తీసి గుప్పెడు చాక్లెట్ పలుకులు కలిపింది.

"ఒక్క చెంచా రుచి చూడండి."

"నాకు ఆకలి లేదు."

ఆ మాట ఆ ఇంటి గోడలకు కూడా కంఠతా వచ్చేసింది. తుంటి ఆపరేషన్ అయి నెల దాటినా ఆర్డిస్‌కు గాయం మానలేదు. గుడ్డు పెడితే నీచు వాసనంటుంది, కోడి పెడితే పీచంటుంది. ప్రొటీన్ లోపలికి పోకపోతే గాయం మానదని, ఇలాగే ఉంటే నర్సింగ్ హోంలో చేర్చక తప్పదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆవిడ భయపడలేదు. కోడలికి మాత్రం అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు. అత్తకు భయపడే కోడళ్లు కొల్లలు గానీ, అత్త కోసం భయపడే కోడలు ఎక్కడో గానీ దొరకదు.

"ఇంతకీ ఎవరి మొహాన పెట్టడానికిది?"

"సాయంత్రం చర్చి భోజనాలకి."

 ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో ప్రతి బుధవారం చర్చి కింది హాల్లో సూప్ భోజనం. సూప్ చర్చిది, మిగతావి ఇళ్లనుంచి తలో గిన్నె. తీసుకెళ్లిన గిన్నె ఖాళీగా ఇంటికి రావాలి. నిండుగా తిరిగొచ్చిందంటే ఆ ఇంటి పరువు మంచులో కలిసినట్టే. అలాగని అమెరికాలోని ఆ మిన్నెసోటాలో ఎవరూ పల్లెత్తు మాటనరు. "కొత్తగా ఉందే" అంటారు, అంతే. అంతకు మించిన తిట్టు అక్కడ లేదు.

"ఈ ఇంటి గిన్నె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నిండుగా తిరిగి రాలేదు, తెలుసా?"

"ఈసారీ రాదులెండి," అంది జోడీ ధీమాగా.

సాయంత్రం హాల్లో పొడవాటి బల్ల చివర, స్నేహితురాలు లావోన్ తెచ్చిన లెమన్ బార్లనే పుల్లతీపి బిళ్లల పక్కన జోడీ గిన్నె పెట్టింది. ముంచుకు తినడానికి చుట్టూ ఆపిల్ ముక్కలు పేర్చింది. ఆర్డిస్ సూప్‌లో చెంచా ఆడిస్తూ బల్లకేసే చూస్తూ కూర్చుంది. జనం వస్తున్నారు. లెమన్ బార్లు తీసుకుంటున్నారు. గిన్నె దాకా వచ్చి చెయ్యి వెనక్కి లాక్కుంటున్నారు. ఒకాయనైతే వంగి చూసి, "కొత్తగా ఉందే," అననే అన్నాడు.

జోడీ కాఫీ కూజా పట్టుకుని బల్లబల్లకీ తిరుగుతూ నవ్వు మొహంతో అందరికీ పోస్తోంది. ఆర్డిస్ సూప్ పక్కకు నెట్టేసింది. పిచ్చిది, పొద్దున కూర్చుని ఒక్కో శనగా వలిచింది!

భోజనాలయ్యాక ప్రార్థనకు అందరూ పైకి బయల్దేరారు.

"నేను మెట్లెక్కలేను. నువ్వెళ్లు," అని కోడల్ని పంపేసింది ఆర్డిస్.

పైన పాట మొదలయ్యాక వాకర్ నెట్టుకుంటూ గిన్నె దగ్గరికి చేరింది. చెత్తబుట్టలో పడేద్దామంటే తిండి పారేయడం ఆవిడ ఇంటావంటా లేదు. ఇటూ అటూ చూసి, కుర్చీ లాక్కుని, చెంచా తీసుకుంది. మొదటి చెంచా మందు మింగినట్టు కళ్లు మూసుకుని మింగింది. రెండోది కళ్లు తెరిచే తింది.

"బాగానే ఏడ్చింది," అని గొణుక్కుంది.

తింటూనే ఉంది. మధ్యలో ఆయాసమొస్తే ఆగింది, మళ్లీ తింది. పొట్ట బరువెక్కినా, కోడలి మొహం గుర్తొచ్చి ఇంకో చెంచా ముంచింది. చివర ఒక్క చెంచాడు మాత్రం అడుగున వదిలేసింది. ఆ చర్చిలో ఆఖరి ముక్క ఎవరూ ముట్టుకోరు. నాకేసినట్టుంటే దొంగ దొరికిపోతుంది.

పైనుంచి దిగిన జోడీ గిన్నె చూసి నిలబడిపోయింది. "అమ్మా! అయిపోయింది!"

"చివర్లో ఎగబడ్డారులే. నువ్వు కాఫీ హడావిడిలో చూసుకోలేదు," అంది ఆర్డిస్ పెదాలు తుడుచుకుంటూ. "బాగుందిట."

జోడీకి కళ్లు చెమర్చాయి. ఒంగి అత్తగారి నుదుట ముద్దు పెట్టుకుంది. "అయితే వచ్చే బుధవారం రెట్టింపు చేసుకొస్తా!"

ఆర్డిస్ చెయ్యి అప్రయత్నంగా పొట్ట మీదికి పోయింది. "రెట్టింపొద్దు. రోజూ విందులేమిటి, ఇంతే చాలు. కోటు తెచ్చిపెట్టు, పోదాం."

జోడీ కోట్లు తగిలించిన గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి, లావోన్ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగి గుసగుసలాడింది.

"ఇంటింటికీ ఫోన్ చేసి మరీ మా చేతులు కట్టేశావు గానీ జోడీ, నోరూరి చచ్చామనుకో! వచ్చే బుధవారం కూడా దాన్నెవరమూ ముట్టుకోకూడదా?"