ఎవరి నీళ్లు?

పైకప్పు నుంచి కారిన మూడో నీటిచుక్క కూడా పడుగు మీదే పడేసరికి ఓబులేసుకు ఒళ్ళు మండిపోయింది. మగ్గం గుంటలోంచి ఒక్క ఉదుటున లేచాడు. మెట్లెక్కి, పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు ఉమామహేశ్వర తలుపు దబదబా బాదాడు.

“ఏమప్పా, నెల నుంచి చెప్తాండా, చెవికెక్కదా నీకు? నీ బాత్రూం నీళ్లు నా మగ్గం మీద కారతాండాయి. వేంపల్లె పెండ్లోళ్ల మధుపర్కాలు నేస్తాండా. సాయంత్రం ఇయ్యల్ల. మరక పడితే తీసుకుంటారా వాళ్లు?”

“నా బాత్రూం నీళ్లే అని యాడ రాసుండాది? చెమ్మ ఎక్కింటాదిలే.”

మండుటెండల్లో, కడప జిల్లాలో, చెమ్మ ఎక్కిందట! ఓబులేసు ఇక ఆగలేదు. అతణ్ణి పక్కకు నెట్టి బాత్రూంలోకి దూరాడు. నేలా గోడా కలిసే మూలన నీళ్లు దిగకుండా టైల్స్ సందులో పెట్టిన సిలికాన్ నల్లగా బూజు పట్టి, అంచులు లేచిపోయి ఉంది. గోటితో లాగితే జానెడు ముక్క ఊడి చేతికొచ్చింది.

“ఇదేంది మరి?”

“పైన రంగు మారినాదంతే. లోపల గట్టిగానే ఉండాది.” ముక్క కళ్లెదుట కనిపిస్తున్నా ఆ పెద్దమనిషికి సిగ్గు లేదు.

“గట్టిగా ఉండాదా? చూపిస్తా ఉండు. గురమ్మా! ఎర్ర రంగు డబ్బా తీసకరా!”

నూలుకు అద్దే రంగు అది. భార్య ఉరుకులు పరుగుల మీద తెచ్చిచ్చింది. ఓబులేసు దాన్ని నిండు బకెట్లో కలిపాడు.

“కిందికి పోయి చూడు. ఎర్రగా పడితే కేకెయ్.”

గురమ్మ ఏదో అనబోయింది. వినే ఓపిక అతనికెక్కడిది? ఆమె మెట్లు దిగేలోపలే బకెట్ మొత్తం ఆ మూలన దిమ్మరించాడు.

కాసేపటికి కింది నుంచి కేక వినిపించింది. “పడినాది! ఎర్రగా పడినాది!”

“ఇన్నావా? ఇప్పుడు చెప్పప్పా, ఎవరి నీళ్లో!”

ఉమామహేశ్వర ముఖం మాడిపోయింది. “సరే, తప్పు నాదే. రేపే ఈ పాతదంతా గీకించి కొత్త సిలికాన్ పెట్టిస్తా.”

నెల రోజుల కసి తీరింది. ఓబులేసు మీసం దువ్వుకుంటూ మెట్ల దగ్గరికొచ్చి, ఓనరుకు కూడా వినబడేలా గట్టిగా అడిగాడు.

“ఎన్ని చుక్కలు పడినాయే?”

“చుక్కలేంది నీ తలకాయ! పెండ్లోళ్ల తెల్లబట్టంతా ఎర్రబట్టాయె!”