రెండు నిమిషాలు

కోరుట్ల దాటి జగిత్యాల రోడ్డెక్కాక పోశం ఆటో పక్కకు ఆపాడు.

"పొద్దు మునిగింది లతీఫన్నా. ఒక్కపొద్దు ఇడువు."

"టైం కాలే" అన్నాడు వెనక సీట్లోంచి లతీఫుద్దీన్. ఒక చేతిలో ఖర్జూరం, ఇంకో చేతిలో ఉపవాసం విడిచే వేళలున్న రెండు ఇఫ్తార్ కార్డులు ఉన్నాయి. ఒకటి ఏటా హైదరాబాద్ నుంచి తెప్పించుకునేది. రెండోది కోరుట్ల మసీదువాళ్లు ఈసారి కొత్తగా అచ్చేయించింది.

"కొత్తదాంట్ల రెండు నిమిషాలు తక్కువేసిండ్రు. తప్పు పడ్డట్టుంది. కింద సన్నగ ఏందో రాసిండ్రు, అద్దాలు తేలే. జర సదువు."

పోశం కూడబలుక్కుని చదివాడు. "కోరుట్లలో సూర్యుడు హైదరాబాద్ కంటే రెండు నిమిషాలు ముందే అస్తమిస్తాడు. ఇక్కడివారు ఈ వేళలే పాటించాలి."

ఖర్జూరం నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

నిరుడు రంజాన్‌లో ఇదే ఆటోలో భార్య సయీదాను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. అంత జబ్బులోనూ ఉపవాసం విడవనన్న మనిషి, దారిలో తనే నీళ్లడిగింది. పొద్దు మునిగింది, తాగించమన్నాడు పోశం. లతీఫుద్దీన్ హైదరాబాద్ కార్డు చూసి, "ఇంకా రెండు నిమిషాలు ఓపిక పట్టు" అన్నాడు. మూత తీసిన సీసా అతని చేతిలో ఉండగానే ఆమె పోయింది.

"గా దినం నువ్వు చెప్పినవ్ గద పోశం, పొద్దు మునిగిందని."

పోశం కార్డు తిరిగిచ్చాడు. అతని ముఖంలోకి చూడలేదు.

"ఊకెనే అనేసిన లతీఫన్నా. గా దినం మబ్బు పట్టింది. నాకు పొద్దే కానరాలే."

నిరుడు ఆ సాయంత్రం ఆకాశంలో మబ్బు తునకైనా లేదని లతీఫుద్దీన్‌కు తెలుసు.