తవిటయ్యకొచ్చిన కవరు

ఎస్సై మీద పెట్టిన అర్జీకి పెద్దాఫీసు నుంచి తవిటయ్యకు జవాబొచ్చింది. నాకు రాలేదు.

ఉక్కునగరం బస్సు క్యూలో ఎస్సై మా ఇద్దరినీ ఒకే లాఠీతో బాదాడు. ఇద్దరం ఒకే ప్లీడరు గుమాస్తా చేత రాయించి, ఒకే రోజు రిజిస్టరు పోస్టులో పంపాం. నిజానికి నాకే రెండు దెబ్బలు ఎక్కువ.

తవిటయ్య ఆ కవరు జేబులోంచి సగం కనపడేలా పెట్టుకుని వీధంతా తిరిగాడు. "సోమవారం ఎంక్వైరీకి రమ్మన్నారు బావా! గవర్నమెంటు సీలు సూడు."

మా ఆవిడ దేముడమ్మ ఊరుకుందా? "ఆడి మాటకున్న ఇలవ నీ మాటకి లేదేటి?" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సోమవారం వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తుంటే కడుపు మండిపోయింది.

సాయంత్రం కుంటుకుంటూ వచ్చాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది.

"ఎంక్వైరీ ఎవులు సేసినారు?" అన్నాను.

"ఆ ఎస్సైగాడే బావా. మన అర్జీలు రెండూ ఆడి టేబులు మీదే ఉన్నాయి."

మర్నాడు పోస్ట్‌మాన్ వీధిలోంచి నా పేరు కేకేశాడు. దేముడమ్మ సంబరంగా పరిగెత్తబోతే కొంగు పట్టుకుని ఆపాను.

"నాను ఊళ్లో లేనని సెప్పీ."