గాలి కొలిచిన రోజు

మరమగ్గాల షెడ్డు నడిపే ఆనందం ఫోన్ పెట్టేసి బూతు తిట్టాడు.

"నాలుగు దేశాలు కలిసి సిరిసిల్లల దుమ్ము గుంజే మిషిన్లు ఇస్తున్నయి. మనకు లేదట. మన షెడ్డుల గాలి మంచిగున్నదని ఆళ్ల మీటరు చెప్పిందట."

వందన నూలు కండెలు చుడుతూనే ఉంది. మొగుడి వైపు చూడలేదు.

"మంచి గాలైతే నేనెందుకు దగ్గుతున్న? మళ్ల రానీ ఆ మీటరోళ్లను. గీ నూలు దుమ్ము నోట్ల కుక్కుత. అప్పుడు తెలుస్తది."

ఆనందం అరుపు దగ్గులోకి దిగింది. అది ఆగాక వందన అంది.

"ఆళ్లు వచ్చిననాడు మగ్గం సాంచాలు బందు పెట్టినవ్. పొద్దుగాల్నే షెడ్డంత ఊడిపిచ్చినవ్. నీళ్లు గొట్టిపిచ్చినవ్. ఇగ మీటరు ఏం చెప్తది?"

"దేశం గాని దేశం నుంచి మనింటికి వస్తే దుమ్ముల నిలబెడ్తమా? ఇజ్జత్ ఉండొద్దా?"

వందన చేతిలో కండె ఆగింది.

"ఊడ్చింది నేను. ఊడుస్తుంటే దగ్గొచ్చి నెత్తురు పడ్డది. దేశం గాని దేశపోళ్లు చూస్తరని, అది గూడ కడుగుమంటివి."